ఏడు ఎనిమిదులు

ఈ సాయంత్రం రెండో తరగతి చదివే మా అమ్మాయి పలక మీద కూడిక వేస్తుంటే, ఎంతవరకు వచ్చిందో చూద్దామని పక్కన కూర్చున్నాను. కూర్చున్నానో లేదో అది అరచేత్తో పలకంతా తుడిచేసింది. చూసినంతలో లెక్క సరిగ్గానే ఉన్నట్టుంది. నా లెక్కల భయం దీనికీ అంటిందేమో అనిపించింది.

ఎనభైల మొదట్లో నేను నరసరావుపేటలో ఆరో తరగతి చదివేదాన్ని. ఆ పద్ధతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, మాష్టారు ఎక్కం అడిగితే తప్పు చెప్పినవాళ్ళ ముక్కు పట్టుకుని ఒప్పు చెప్పినవాళ్ళు చెంప మీద ఒక్కటి వెయ్యాలి. నన్నేమో ఏడో ఎక్కమే అడిగేవారు, నేనేమో ఏడు ఎనిమిదులు యాభై నాలుగనే చెప్పేదాన్ని. వెనక బెంచీలో ఉండే మా మేనత్త కూతురు లేచి, సరైన జవాబు గట్టిగా చెప్పి, నా దగ్గరికి నడిచి వచ్చేది.

"ఏందే, మళ్ళీ యాభై నాలుగేనా? రేపన్నా సరిగ్గా చెప్పవే, నా చెయ్యి నొప్పి పుడతంది" అని చెవిలో గొణిగి మరీ కొట్టేది. క్లాసంతా నవ్వేది, వాళ్ళతోపాటు నేనూ నవ్వేదాన్ని.

విచిత్రమేమంటే, అది అంత గట్టిగా చెప్పిన జవాబు ఒక్కరోజూ నా బుర్రకెక్కలేదు. తప్పు అన్న మాట చెవిన పడగానే నాకు దాని అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. దాని చేతి గోరింటాకు వాసన ఇప్పటికీ గుర్తుంది, ఆ అంకె మాత్రం ఇప్పటికీ వేళ్ళ మీద సరిచూసుకోవాలి. పోనీ మొద్దునా అంటే, తెలుగులో ఒకసారి దిద్దిన తప్పు మళ్ళీ చేసేదాన్ని కాదు. మరి లెక్కల్లో నా మనసు ఆ క్షణాన ఎక్కడికి పోయేదో, డిగ్రీ దాకా చదివినా నాకు అంతుపట్టలేదు.

మా అమ్మాయి బళ్ళో ఎవరూ కొట్టరు. తప్పు వస్తే టీచరమ్మ పక్కన చిన్న గీత గీసి, మళ్ళీ చెయ్యమ్మా అంటుందట. మరెందుకు తుడిచావని అడిగితే, అది నా వంక చూడకుండానే, "నువ్వు చూసేటప్పుడు నీ మొహం అదోలా అయిపోద్ది గదమ్మా" అంది.

ఎలా అవుతుందో అడిగే ధైర్యం లేకపోయింది. ఆ రోజుల్లో దెబ్బ ఎటునుంచి వస్తుందో మాకు తెలిసేది. ఇప్పుడు దీని ఎదురుగా ఉన్నది నేనొక్కదాన్నే, నేనేమో ఈ పిల్ల పుట్టిందగ్గర్నుంచి దీని మీద చెయ్యెత్తి ఎరగను.