సూడి గొర్రెలకు దారి

మా ఇంట్లో పిల్లలకు నడకకంటే ముందు బేరం వస్తుంది. కర్ణాటకలోని పావగడలో మాది గొడ్లకు తాళ్లు, గంటలు, శెనక్కాయ చెక్క అమ్మే అంగడి. ఎదుటివాడు ఎంతకు దిగుతాడో వాడి చెప్పులు చూసి చెప్పగలనని నాకు గట్టి నమ్మకం. వల్లూరు గొర్రెల కాపర్లు సోలార్ కంపెనీతో మాట్లాడడానికి నన్ను తోడు పిలిచింది అందుకే. కన్నడం వచ్చు, నోరు ఉండాది.

సంగతేమంటే, శెనక్కాయ చేలు ఉన్నప్పుడు మందలు గట్ల మీదుగా నేరుగా కుంటకు పోయేవి. ఇప్పుడు ఆ చేలల్లో సోలార్ పలకలు, చుట్టూ కంచె. నీళ్లకు కంచె చుట్టి పోవాల. ఆ ఎండలకు, ఆ నడకకు, ఒక అవ్వ మందలో రెండు గొర్రెలకు దారిలోనే కడుపు పోయింది. ఇట్లే సాగితే మంద అమ్ముకోవడమే అంటోంది అవ్వ. కంపెనీ వాళ్లకేమో మంద అనగానే, ఒకప్పుడు లోపలికి దూరి వైర్లు కొరికిన మేకలే గుర్తొస్తాయి. వాళ్ల కంటికి మేమంతా మేకలం, మా కంటికి వాళ్లంతా కంచెలు.

అవ్వకు ముందే పాఠం చెప్పినాను. కుంటకు అడ్డదారి అయ్యేట్టు కంచె గేటు రోజంతా తెరవాలని అడుగుదాం, వాళ్లు కాదంటారు, మనం సణుగుతా సగానికి దిగుదాం. అంతదాకా నోరు తెరవొద్దు. అవ్వ తలూపింది.

ఆఫీసులో ఇంజనీరు ఉత్తరాది మనిషి. కొత్తగా నేర్చిన కన్నడంలో కూర్చోమని, నేను గొంతు సవరించుకునేలోపే తెలుగులోకి దిగినాడు.

"చూడు గొర్రెలు. అంత దూరం కష్టం."

అందరం కిటికీ వైపు చూసినాం. బయట ఒక్క గొర్రె కూడా లేదు. ఆయన కూడా మాతోపాటు చూసి, మళ్లీ అదే మాట అని, కడుపు ముందు చేత్తో గుండ్రంగా చూపించినాడు.

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సూడు కాదప్పా, సూడి. సూడి గొర్రెలు."

గదంతా నవ్వు. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వినాడు. ముందురోజు ఒక కాపరి వెంట కంచె చుట్టూ నడిచినాడంట. కడుపుతో ఉన్నవి వెనకబడి, నోళ్లు తెరిచి నిలబడిపోతుంటే, వాటినేమంటారని అడిగి నేర్చుకున్నాడంట.

ఇదే అదును అనుకొని నేను రోజంతా గేటు మాట ఎత్తబోయినాను. అవ్వ నా మోచెయ్యి పట్టి ఆపింది.

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తెరిస్తే చాలప్పా. మేకల్ని తేము. దానికి నాది పూచీ."

నా ప్రాణం ఉసూరుమంది. మా అంగట్లో గంటసేపు ప్రాణం తీస్తేగాని కొసరు పడదు. అవ్వ మేకల మాటను ఎవరూ అడక్కుండానే కొసరుగా పెట్టేసింది. ఆయన వెంటనే సరేనన్నాడు.

బయటికొచ్చినాక, ఇంకా ఎంత లాగుండొచ్చో తెలుసా అవ్వా అని గొణిగినాను.

"నా గొర్రె కష్టం నేను చెప్పకముందే ఆయప్ప చెప్పినాడు. ఇంక నేను ఎవురితో బేరమాడాల సావుకారూ?"

మరుసటి పొద్దున గేటు తెరిచినారు. పలకలు కడిగిన నీళ్లకు వాటి నీడలో పచ్చగడ్డి మొలిచి ఉండాది. సూడి గొర్రెలు అక్కడే ఆగి మేయబట్టినాయి. అవ్వ కంగారుగా అదిలిస్తుంటే, గేటు కాడుండే సెక్యూరిటీ ఆయన అడ్డమొచ్చినాడు. తిననీలే అవ్వా, మాకు కోసే పని తప్పుతుంది అన్నాడు.

అయితే గడ్డి కోసినందుకు కంపెనీ మనకే కూలి ఇయ్యాల కదా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. అవ్వ నా వైపు ఒక చూపు చూసింది. గొర్రెలు మేస్తున్నంతసేపూ నోరు మూసుకొని నీడన కూర్చున్నాను.