నాయన శిలువకు కరక్కాయ పూత

మా అమ్మ లెక్కలో నేను కరక్కాయ డాక్టర్ని. నంద్యాల కాలేజీలో కెమిస్ట్రీ చెప్తూ, కరక్కాయకు వగరునిచ్చే పాలీఫినాల్స్ మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంటే, ఆళ్లగడ్డలో వీధి వీధంతా వినేట్టు ఆమె అడిగింది ఒకటే: దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే కాయకు ఇన్నేండ్ల చదువెందుకని. ఆ వగరే తోలును పదును చేస్తుందనీ, ఇనుము తగిలితే నల్లటి సిరా అవుతుందనీ, చెక్కల్ని అతికించే జిగుర్లకు పనికొస్తుందనీ చెప్పాను. అంతా విని, ఇంతకీ దగ్గు తగ్గుతుందా లేదా అనింది.

ఆ చదువుతో ఆమెకు పనిపడింది పోయినేడు, మా చర్చి వాళ్లంతా సమాధులు కడిగి సున్నం కొట్టే పండగ ముందు. మా నాయనది వెల్డింగు షాపు. జబ్బు పడ్డాక తన సమాధికి ఇనుప శిలువ తానే చేసి పెట్టుకున్నాడు. వీధికొక శిల్పి ఉన్న ఊర్లో ఇనుమేందని అడిగితే, చచ్చినాక కూడా ఎద మీద రాయి మోయలేనన్నాడు. దానికి ఏటా సిల్వర్ పెయింటు వేస్తున్నా, లోపల తుప్పు తన పని తాను చేసుకుపోయింది. ఈసారి ఒక రెక్క మీద తుప్పు పెచ్చులుగా ఊడొచ్చింది. అన్న పోయి నల్లరాతి శిలువకు శిల్పితో మాట్లాడి వచ్చాడు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. నాయన చేతి పని అంటూ ఆమెకు మిగిలింది అదొక్కటే.

కరక్కాయ కషాయం తుప్పును పట్టుకుని నల్లటి పొరగా మార్చి, కింది ఇనుమును కాపాడుతుందని ఫోన్లో చెప్పాను. నేను వచ్చేలోపు కాయలు దంచి నీళ్లలో నానబెట్టమన్నాను. నానబెట్టి ఊరుకునే మనిషా? నేను బస్సు దిగి ఇంటికి పోయేసరికి, ఇనుప బాండ్లిలో వేసి ఉడకబెట్టేసింది. కషాయం కాస్తా సిరా అయిపోయింది. శిలువ తాగాల్సిందంతా బాండ్లి తాగేసింది. మంచి రంగొచ్చిందని గర్వంగా చూపించింది కూడా. ఇక ఈ బాండ్లికి తుప్పు భయం లేదులే అని, స్టీలు గిన్నెలో మళ్లీ మొదలుపెట్టాను. నీ కాయకు గిన్నెల పట్టింపు కూడానా అని గొణిగింది.

మర్నాడు పొద్దున్నే సమాధి దగ్గరికి పోయి, పాత పెయింటు గీకి, వదులు తుప్పు రాల్చి, కషాయం పూశాం. ఎర్రటి తుప్పు మా కళ్లముందే నీలం కలిసిన నలుపుకు తిరిగింది. అమ్మ నా చేతిలో బ్రష్షు లాక్కుని, ఇంకో ఎర్ర మచ్చ మీద తానే పూసి చూసింది. డాక్టరేటు వచ్చిన రోజు కూడా నేనంత పొంగిపోలేదు. అన్న చుట్టూ తిరిగి, రెక్కలు తట్టి చూసి, రాయి సంగతి ఇక ఎత్తనన్నాడు.

ఈ పూత వానలకు కొంచెం కొంచెంగా పోతుందనీ, పైన వార్నిష్ కొడితే కొన్నేండ్లు ఈ పక్క చూసే పన్లేదనీ చెప్పి డబ్బా దగ్గరికి జరుపుకున్నాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వార్నిష్ వద్దు పాపా. యాడాదికోసారి నువ్వే వచ్చి పూయి."

"ఊరికే శ్రమ ఎందుకు మా?"

"ఉత్త చేతుల్తో వస్తే ఈడ కూచోని ఏడుస్తాండావ్. చేతిలో పనుంటే ఏడ్వవు."

చేతిలో బ్రష్షు ఉంది, రెండో పూత పూయాల్సిన రెక్క ఇంకొకటి మిగిలే ఉంది. అయినా ఏడ్చేశాను.