చక్కు ఆగలేదు

ఫ్యాక్టరీలో ఆమెని అందరూ కరెంటక్క అనేవారు. ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు లేతు మిషన్ల షెడ్డులో ఇనుము చెక్కే పెద్ద టర్నరు, మీసాలాయన. ఆయన మాత్రం ఆమెని నిచ్చెనమ్మ అనేవాడు. అదీ ఎదురుగా కాదు, పక్కవాడితో అంటున్నట్టు, ఆమెకి వినపడేంత గట్టిగా.

ఆరేళ్ళ కిందట ఆమె ఎలక్ట్రీషియన్‌గా చేరిన మొదటి వారంలోనే ఆయన మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఆడమనిషి నిచ్చెనెక్కితే కింద పని చేసేవాళ్ళ చూపు మిషన్ల మీద నిలవదు సార్" అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది. మధ్యాహ్నం భోజనాల గదిలో నేరుగా ఆయన బల్ల ముందుకెళ్ళి నిలబడింది.

"చూపు నిలవని మనిషి దగ్గర్నుంచి లేతు లాక్కోవాలి గానీ, నా దగ్గర్నుంచి నిచ్చెన లాక్కుంటే ఏం లాభం?" అంది.

గదంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుని మీసాలాయన మరిచిపోలేదు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆయన లేతు దగ్గర ఏదైనా పాడైతే పక్కవాడి చేత కబురు పంపేవాడు. ఆమె వచ్చి బాగుచేసి పక్కవాడికే చెప్పి వెళ్ళిపోయేది.

ఆమెకి నలభై దాటాయి. పొట్టి మనిషి. కుడి మోచేతి మీద పాత కాలిన మచ్చ. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే. ఇంట్లో ఆమే, అత్తగారూ. ఆ అత్తగారికి నోరు పెద్దది, మనసూ పెద్దదే, కాకపోతే ముందు నోరు బయటికొస్తుంది.

ఒక మంగళవారం ఉదయం, టిఫిను విరామానికి ఇంకా అరగంట ఉందనగా, లేతు షెడ్డులోంచి కేక వినపడింది. ఆమె పరిగెత్తి వెళ్ళేసరికి మీసాలాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతికి ఎవరో తువ్వాలు చుట్టారు. తువ్వాలు ఎర్రగా తడిసిపోయింది. లేతులో చెక్కే ఇనుపముక్కని బిగించి పట్టుకుని గిర్రున తిరిగే నాలుగు దవడల చక్కు ఉంటుంది. ఆయన దాని మీద చెయ్యి పెట్టాడు. అది తిరుగుతోంది. చూపుడువేలూ మధ్యవేలూ పోయాయి.

మర్నాటికే నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది: టర్నరు మిషను ఆపే లివరు పూర్తిగా లాగకుండా, అది నడుస్తుండగానే అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడు. విచారణ ముగిశాక తగిన చర్య తీసుకోబడును.

"పాతికేళ్ళ పనివాడికి అజాగ్రత్తా?" అనుకుంది కరెంటక్క. ఆయనంటే ఆమెకి గిట్టదు, నిజమే. కానీ పని దగ్గర ఆయనకి వంక పెట్టడానికి శత్రువుకైనా మాట దొరకదు. ఆ మాటకొస్తే శత్రువు తనే.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆయన భార్య లేచి నిలబడింది.

"నువ్వొచ్చావా అమ్మా! ఈయన నిన్ను..." అని ఆగిపోయింది.

"ఏమన్నారో నాకు తెలుసులే వదినా. ఎలా ఉంది?"

మంచం మీద మీసాలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.  ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. చివరికి ఆయనే, గోడతో చెప్పినట్టు చెప్పాడు. ఆరేళ్ళలో ఆమెతో ఆయన అన్న మొదటి మాటలు అవి.

"లివరు లాగాను. చక్కు వైపు చూశాను. పాతికేళ్ళుగా కంటితో చూడకుండా చెయ్యి పెట్టింది లేదు. ఆ రోజూ చూశాను. అది ఆగి ఉంది. ఆగే ఉంది. ఎవరూ నమ్మట్లేదు. మా ఇంటిదానికీ నమ్మకం లేదు, నా మొహం చూసి ఊరుకుంటోంది."

"చప్పుడు వినలేదా అన్నా?"

"చుట్టూ పదకొండు మిషన్లు. ఏ చప్పుడు దేనిదో దేవుడికే తెలియాలి."

 బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ ఒక్క మాటే చెవుల్లో తిరిగింది. అది ఆగి ఉంది. స్టాపు ఒకటి దాటిపోయి, వెనక్కి నడిచి ఇల్లు చేరింది.

మర్నాడు పొద్దున్నే ఫోర్‌మన్ని అడిగి ఆ లేతుని ఖాళీగా, అదే వేగంలో తిప్పించింది. మిగతా మిషన్లన్నీ మామూలుగా నడుస్తున్నాయి. రెండడుగుల దూరంలో నిలబడి చక్కుని చూసింది. నాలుగు దవడలూ స్పష్టంగా, విడివిడిగా కనిపించాయి. కదలడం లేదు. కాసేపు చూస్తే, గాలికి ఊగే తలుపులా మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి జరుగుతున్నట్టుంది. ఆగబోయే చక్రం అలాగే ఉంటుంది.  జేబులోంచి బ్యాటరీ టార్చి తీసి, పైనున్న ట్యూబులైట్లని ఆర్పించి, ఆ టార్చి వెలుగులో చూసింది. దవడలు మాయమయ్యాయి. గిర్రున తిరిగే బూడిదరంగు వలయం ఒక్కటే మిగిలింది.

ట్యూబులైటు ఆగకుండా వెలుగుతున్నట్టు మనకి కనిపిస్తుంది గానీ, నిజానికి సెకనుకి వందసార్లు మందగించి మళ్ళీ వెలుగుతుంది. కన్ను పట్టుకోలేదు. నాలుగు దవడల చక్కు సెకనుకి పాతిక చుట్లు తిరిగిందనుకుందాం. ఒక వెలుగుకీ ఇంకో వెలుగుకీ మధ్య అది సరిగ్గా పావు చుట్టు తిరుగుతుంది. ఒక దవడ ఉన్న చోటికి ఇంకో దవడ వచ్చి నిలుస్తుంది. కంటికి ప్రతిసారీ ఒకే బొమ్మ. అందుకే ఆగినట్టుంటుంది. లివరు పూర్తిగా పడక చక్కు తిరుగుతూనే ఉన్నా కంటికి తెలియదు. లైట్లని కరెంటొచ్చే మూడు తీగలకి, అంటే మూడు ఫేజులకి, పంచి కలిపితే ఒకటి మందగించినప్పుడు పక్కది వెలుగుతుంది కాబట్టి ఈ మోసం ఉండదు. షెడ్డు కట్టినప్పుడు అలాగే కలిపారు. పైగా కిటికీల్లోంచి పగటి వెలుగు వచ్చేది.

ఐదు నెలల కిందట సరుకు పెట్టే అరలు తెచ్చి కిటికీలకి అడ్డంగా నిలబెట్టారు. అదే వారం కొత్త వెల్డింగు సెట్లు వచ్చాయి. "లైట్లన్నీ ఒకే ఫేజు మీదికి మార్చెయ్, మిగతా రెండూ వెల్డింగుకి కావాలి" అన్నాడు మేనేజరు. ఆమె మార్చింది. పని పుస్తకంలో 'తాత్కాలికం' అని రాసింది. తాత్కాలికం అన్నదానికి ఉన్నంత ఆయుష్షు ఇంకే పనికీ ఉండదు. ఆమె కూడా మరిచిపోయింది.

అంటే ఆ తీగ కలిపిన చెయ్యి తనదే.

ఆ రాత్రి అన్నం కంచం ముందు కూర్చుని అత్తగారికి అంతా చెప్పింది. అత్తగారు విని నోరు తెరిచింది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే? వాడు నిన్ను ఆరేళ్ళు ఆడిపోసుకున్నాడు. పైగా నువ్వే కలిపానని చెప్తే నీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీ అత్తా."

"ఉద్యోగం పోతే?"

"పోతే ఇంకోటి చూసుకుంటాను. ఆయనకి వేళ్ళు మళ్ళీ మొలుస్తాయా?"

 అత్తగారు లేచి కూర గిన్నె తెచ్చి కోడలి కంచంలో అడక్కుండానే వడ్డించింది. "సరే తిను. పోట్లాటకి ఖాళీ కడుపుతో పోకూడదు" అంది.

శుక్రవారం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదైన మనిషి. మేనేజరు ఆయన్ని షెడ్డులో తిప్పి, లివరు చూపించి, కాగితాలు సంతకానికి ముందు పెట్టాడు. కరెంటక్క నిచ్చెన దిగి వచ్చి మధ్యలో నిలబడింది.

"సార్, సంతకానికి ముందు రెండు నిమిషాలు."

"నిన్నెవరు పిలిచారు?" అన్నాడు మేనేజరు.

"ఎవరూ పిలవలేదు. పిలిచేదాకా ఆగుంటే ఈ షెడ్డులో సగం లైట్లు ఆరిపోయుండేవి." వాళ్ళు కాగితాల మీద ఉండగా ఫోర్‌మన్ చేత తిప్పించి ఉంచిన లేతు వైపు ఆమె చెయ్యి చూపించింది. "సార్, మీరే చెప్పండి. ఆ మిషను నడుస్తోందా, ఆగిందా?"

మేనేజరు ఒకసారి చూశాడు. "ఆగే ఉంది. కనపడట్లా? దీనికేనా ఇంత గొడవ?" అంటూ రెండడుగులు ముందుకేసి, చక్కుని తట్టి చూపించడానికి చెయ్యి చాపాడు.

ఆమె ఆయన మణికట్టుని పట్టి పక్కకి లాగేసింది. మేనేజరు మొహం ఎర్రబడింది. ఏదో అనబోయేలోగా ఆమె పక్కనున్న అట్టముక్కని చుట్టి, పొడుగు పటకారుతో పట్టుకుని చక్కుకి అందించింది. టప్ మంది. అట్ట ముక్కలు ముక్కలై గోడ దాకా ఎగిరింది. ఒక ముక్క ఇన్‌స్పెక్టరు చొక్కా మీద వాలింది.

పదకొండు మిషన్లూ ఒక్కొక్కటిగా ఆగాయి. షెడ్డంతా చూస్తోంది.

"ఆ రోజు మీసాలాయన కూడా ఇప్పుడు మీరు చేసినట్టే చేశాడు సార్" అంది ఆమె, మేనేజరుతో. "మీ పక్కన నేనున్నాను. ఆయన పక్కన ఎవరూ లేరు."

టార్చి వెలిగించి ఇన్‌స్పెక్టరుకి చూపించింది. లైట్ల సంగతి, కిటికీల సంగతి, పని పుస్తకంలో తను రాసిన వాక్యం, అన్నీ చూపించింది. ఆయన వంగి చూస్తూ అడిగాడు.

"లైట్లన్నీ ఒకే ఫేజుకి కలిపిందెవరు?"

"నేనే సార్."

"ఎవరు చెప్తే?"

"చెప్పింది ఆయన. కలిపింది నేను. కాదనాల్సింది, అనలేదు. ఇద్దరి పేర్లూ రాయండి. టర్నరు పేరు మాత్రం కొట్టెయ్యండి."

మేనేజరు గొంతు తగ్గించి, "బాగా ఆలోచించుకుని మాట్లాడు" అన్నాడు.

"రాత్రంతా ఆలోచించే వచ్చాను సార్" అంది ఆమె, గొంతు తగ్గించకుండా.

ఇన్‌స్పెక్టరు పాత కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్త కాగితం రాయడానికి గంట పట్టింది. అందులో ప్రమాదానికి కారణం వెలుతురు అని ఉంది. షెడ్డులో లైట్లు మూడు ఫేజుల మీదికి మార్చాలనీ, ప్రతి లేతుకీ విడిగా ఒక బల్బు పెట్టాలనీ, కిటికీల అడ్డం తియ్యాలనీ ఉంది. కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

సోమవారానికి ఆమె చేతికి మెమో వచ్చింది. పై అధికారితో అమర్యాదగా ప్రవర్తించినందుకు ఆమెని షెడ్డు నుంచి తీసేసి, ఫ్యాక్టరీ చివర పంపుల గదికి మారుస్తున్నామని రాశారు. గుమాస్తా సంతకం పెట్టమన్నాడు. ఆమె చదివి, 'అమర్యాదగా' అన్న మాట కింద గీత గీసి, పక్కన రాసింది: చెయ్యి పట్టి లాగాను, నిజం. లాగకపోతే ఆయనకీ రెండు వేళ్ళు తక్కువయ్యేవి. దాని కింద సంతకం పెట్టింది.

"ఇలా రాయకూడదక్కా" అన్నాడు గుమాస్తా తల పట్టుకుని.

"రాసేశానుగా. ఇంకో మాట చెప్పు మీ సారుకి. లైట్లు మార్చకుండా పంపుల గదికి పోను."

నాలుగు రోజులు పట్టింది. అరలు లాగడానికి లేతు పనివాళ్ళు విరామంలో వచ్చారు. రెండో రోజు కిటికీల్లోంచి ఎండ నేల మీద పడేసరికి ఒక ముసలి టర్నరు ఆ వెలుగులో ఊరికే చేతులు చాపి నిలబడ్డాడు. ఐదో రోజు ఆమె తన పెట్టె భుజానికెత్తుకుని, ఎవరూ చెప్పకుండానే, పంపుల గదికి నడిచి వెళ్ళింది.

మీసాలాయనకి ఉద్యోగం పోలేదు. కొలతలు చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పనిలోకి తిరిగొచ్చిన మొదటి రోజే పంపుల గది దాకా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు. "ఈ గదిలో చీకటెక్కువ. ఇక్కడికి పంపించారేంటి నిన్ను?" అన్నాడు.

"చీకటున్న చోటికే కదన్నా ఎలక్ట్రీషియన్ని పంపేది" అంది. ఆయన నవ్వాడు. పైకి చూసి, "ఆ పై బల్బు మార్చు, నిచ్చెన నేను పట్టుకుంటాను" అన్నాడు. బాగున్న ఒక్క చేత్తోనూ, భుజంతోనూ ఆనించి పట్టుకున్నాడు.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. ఆదివారాలు పక్క ఫ్యాక్టరీల షెడ్ల వాళ్ళు ఇంటికొచ్చి తలుపు కొట్టడం మొదలుపెట్టారు. మా దగ్గర లైట్లు వణుకుతున్నాయని ఒకరంటే, మా దగ్గర స్విచ్చి ముట్టుకుంటే జివ్వుమంటోందని ఇంకొకరు. అత్తగారు వాళ్ళందరినీ అరుగు మీద కూర్చోబెట్టి, ఎవరి సంగతి ముందో తనే తేల్చేది.

అలా ఒక ఆదివారం ఆమె, ఆదివారం కూడా పని నడిచే బట్టలు కుట్టే ఒక షెడ్డుకి వెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళు వణికే లైట్ల కింద కుట్టీ కుట్టీ పొద్దుగూకేసరికి తలనొప్పితో కుప్పకూలిపోతున్నారు. గేటు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"యజమాని లేరు. మిమ్మల్నెవరు రమ్మన్నారు?"

"లోపల అరవైమంది తలనొప్పులు రమ్మన్నాయి. మీ యజమానికి కబురు పెట్టు, వచ్చేదాకా ఇక్కడే ఉంటాను" అని, ఆమె తన పెట్టెని గేటు మధ్యలో దించి దాని మీద కూర్చుంది.