జూదం కాదని రాసిన నా చేతిని ప్రభువు విడిపించాడు

సహోదరులారా, సహోదరీలారా, స్త్రీల కూడికలో మొదటి ప్రార్థన చేసే సువార్తగా మీలో చాలామందికి నేను తెలుసు. ఆ ప్రార్థనలు చేస్తున్న రోజుల్లోనే, ఏడాదిన్నర పాటు, ఇక్కడే ఒమాన్‌లో, బౌషర్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని నేను జనం చేత జూదం ఆడించాను. నేను ఒక్కసారి కూడా ఆడలేదు, ఆడించాను. ఈ సంగతి మీ ముందు ఒప్పుకోవాలని ప్రభువు చాలాకాలంగా నన్ను తొందరపెడుతున్నాడు గనుక ఈ రోజు ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మాది పాలకొల్లు దగ్గర. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక కాల్ సెంటర్‌లో పని చేశాను. మా ఆయన రవి రుసైల్‌లో పైపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. నేను ఆయన వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేసే అనుమతి నాకు లేదు. ఆయన డ్యూటీకి వెళితే రోజంతా నాలుగు గోడల మధ్య ఒక్కదాన్నే. అలాంటప్పుడు హైదరాబాదులో నాతో పనిచేసిన ఒకమ్మాయి ఫోన్ చేసి, ఒక ఆటల కంపెనీకి ఇంటి నుంచే చాట్‌లో జవాబులిచ్చే పని ఉంది, జీతం ఇండియా ఖాతాలో పడుతుంది, ఎవరికీ తెలియదు అంది. ఎవరికీ తెలియదు అన్న మాట దగ్గరే నేను ఆగవలసింది, ఆగలేదు.

అది అమెరికావాళ్ళ కోసం పెట్టిన యాప్. తిరిగే చక్రాలు, పేకముక్కలు, లోపల అంతా క్యాసినోలాగే ఉంటుంది. కానీ అందులో రెండు రకాల కాయిన్లు ఉంటాయి. మొదటి రకం సరదాగా ఆడుకోవడానికి, వాటిని కొనుక్కోవాలి. కొన్నవాళ్ళకు రెండో రకం కాయిన్లు కానుకగా ఇస్తారు, వాటితో గెలిచింది మాత్రం డబ్బుగా మార్చుకోవచ్చు. ఉత్తరం రాసి పంపితే ఆ కాయిన్లు ఉచితంగా కూడా ఇస్తాం గనుక ఇది జూదం కాదు, లక్కీ డ్రా లాంటిది అని కంపెనీ వాదన. ఉత్తరాలు రాసేవాళ్ళు ఎందరుంటారు చెప్పండి! ఇంచుమించు అందరూ కొనేవాళ్ళే.

నా పని ఏమిటంటే, ఖాతా మూసేయండి అని అడిగినవాళ్ళను మూయనివ్వకుండా ఆపడం. ముందు కారణం అడగాలి, తర్వాత ఉచిత కాయిన్లు ఇవ్వాలి, అప్పటికీ వినకపోతే మూయడం ఎందుకండీ, ఒక వారం విరామం తీసుకోండి అని చెప్పాలి. మార్లిన్ అని ఒక పెద్దావిడ, బడిలో వంట చేసే మనిషి, మూడుసార్లు వచ్చి మూసేయమని అడిగింది. మూడుసార్లూ నేను కాయిన్లిచ్చి వెనక్కి పంపాను. ప్రతిసారీ ఆవిడ నాకు థాంక్స్ చెప్పింది. మంచి పనితనమని ఆ నెల కంపెనీ నన్ను మెచ్చుకుంది. ఆ వారమే, శుక్రవారం ఆరాధనలో, నేను ఇక్కడ నిలబడి కన్నీళ్ళతో ప్రార్థన చేశాను, మీరు ఆమేన్ అన్నారు!

ఈలోగా అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రమే మేలుకుంది. పేరు ఏదైతేనేం, ఇలా రెండు రకాల కాయిన్లు పెట్టి ఆడించడమే నేరమని కొన్నిచోట్ల చట్టాలు చేశారు, కొన్నిచోట్ల ఆపమని నోటీసులు పంపారు, ఆ ఆటలు తయారుచేసేవాళ్ళనూ డబ్బు చెల్లింపులు నడిపేవాళ్ళనూ కూడా బాధ్యులను చేశారు. మార్లిన్ ఉన్న రాష్ట్రంలో కూడా చట్టం వచ్చింది, అక్కడి ఖాతాలన్నీ ఒక్కసారిగా మూసేశాం. ఆవిడ తిడుతుందేమో అనుకున్నాను. "దేవునికి వందనాలు అమ్మా, దీన్ని మూయడం నా వల్ల కాలేదు" అని రాసింది. నేను మూయని ఖాతాను చట్టం మూసింది, దానికి ఆవిడ నా దేవునికి వందనాలు చెప్పింది. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. అయినా పని మానలేదు సహోదరులారా, అదీ నా గుండె మొద్దుబారిన తీరు.

అక్కడ దారులు మూసుకుపోతుంటే కంపెనీ కొత్త జనం కోసం చూసింది. మన దేశంలో కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం వచ్చింది గనుక, వాళ్ళ చూపు గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళ మీద పడింది. మేనేజరు నన్ను మీటింగ్‌కి పిలిచి, "నీది తెలుగు కదా, యాప్‌లో మాటలు తెలుగులో రాసిపెట్టు, పుస్తకాల తెలుగు వద్దు, అన్నతో మాట్లాడినట్టు ఉండాలి" అన్నాడు. ఒమాన్‌లో జూదం నేరం కదా సార్ అన్నాను. "మనది జూదం కాదు కదా" అన్నాడు. సరేనని కూర్చుని, "ఇది జూదం కాదన్నా, మనవాళ్ళ ఆట, ఒక్కసారి చూడు" అని రాశాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ వాక్యం!

తర్వాత కొన్ని వారాలకు, ఆరాధన అయ్యాక బయట టీ తాగుతుంటే నర్సయ్య నా దగ్గరికి వచ్చాడు. మీకు తెలుసు, జగిత్యాల వైపు మనిషి, బిల్డింగ్ సైట్‌లో పని. విశ్వాసి కాదు, పాటలు బాగుంటాయని రూమ్‌లో ఉండే సహోదరుడితో కలిసి వస్తుండేవాడు. ఫోన్ చూపించి, "అక్కా, గీ యాప్ల గెలిచిన పైసలు బయటికి వస్తలేవు. సదువుకున్నదానివి, జర చూడరాదు" అన్నాడు. తెర మీద నా వాక్యమే ఉంది. ఇది ఎందుకు ఆడుతున్నావు తమ్ముడూ అంటే, "జూదం కాదని సాఫ్‌గ రాసిండ్రు గదక్కా. మూడేండ్లాయె ఇంటికి పోక. టికెట్ పైసలు మొత్తం గిండ్లనే పెట్టిన" అన్నాడు. కనుక్కుంటానని చెప్పి వచ్చేశాను. అప్పుడు నిజం చెప్పే ధైర్యం నాకు లేదు.

మరునాడు నిబంధనలు మొత్తం తెరిచి చదివాను. ఒమాన్‌లో ఉన్నవాళ్ళు కాయిన్లు కొనవచ్చు, ఆడవచ్చు, గెలిచినది డబ్బుగా మార్చుకోవడానికి మాత్రం అర్హులు కారు అని ఒక మూల ఇంగ్లీషులో ఉంది. ఆ ముక్క తెలుగులో పెట్టమని నాకెవరూ ఇవ్వలేదు. మేనేజరును అడిగితే, "నిబంధనల్లో ఉంది కదా, చదువుకోవడం అతని పని" అన్నాడు. ఇక ఆ కుర్చీలో కూర్చోలేక లేచి వంటగదిలో నేల మీద మోకరించాను. "తండ్రీ, నోటితో నిన్ను స్తుతించి ఇదే చేతితో మనుషులను మోసం చేశాను. నేను కారణాలు చెప్పను, సాకులు చెప్పను. నన్ను ఈ పనిలో నుంచి లేపు. నర్సయ్య ముఖం చూసి నిజం చెప్పే బలం ఇయ్యి." ఇంతే ప్రార్థించాను. ఏ స్వరమూ వినబడలేదు. కానీ లేచి, పని మానేస్తున్నానని అదే చేతితో మెయిల్ రాసి పంపాను. ఆ నెల జీతం వాళ్ళు ఇవ్వలేదు, నేను అడగనూ లేదు.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే అంతా చెప్పాను. "అది ఎలాంటి పనో నాకు అనుమానం ఉంది సువార్తా. అడిగితే ఆ జీతం ఆగిపోతుందని అడగలేదు" అన్నారు. ఆ మాటకు ఇద్దరం ఏడ్చాం. దాచిన దాంట్లోంచి టికెట్ డబ్బు తీసి ఒక కవరులో పెట్టాం.

అప్పటికి నర్సయ్యను అతని బిల్డింగ్ కంపెనీ నిజ్వా సైట్‌కి మార్చింది. శుక్రవారం ఉదయం బస్సెక్కి నిజ్వా వెళ్ళాం. రూమ్‌లో ఏడుగురు మనుషులు, ఒకాయన బియ్యం కడుగుతున్నాడు. అందరి ముందే చెప్పాను, "తమ్ముడూ, ఆ తెలుగు మాట రాసింది నేనే" అని. అతను నా వైపు చూశాడు. "నువ్వా అక్కా? గందుకే మనింటోళ్ళు చెప్పినట్టే ఉండె" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది, అలా మెల్లగా అనేసరికి తల దించుకున్నాను. మా ఆయన కవరు చేతిలో పెడితే వద్దన్నాడు. "పైసలు ఇస్తే మల్ల అండ్లనే పెడ్త. ముందుగాల దాన్ని బంద్ జేసుడు నేర్పుండ్రి" అన్నాడు.

సహోదరులారా, అది నాకు తెలిసినంతగా ఆ గదిలో ఎవరికి తెలుసు! పక్కన కూర్చుని చెప్పాను. కారణం అడుగుతారు, రాయకు. కాయిన్లు ఇస్తామంటారు, ముట్టుకోవద్దు. వారం విరామం అంటారు, శాశ్వతంగా మూసేయండి అని మాత్రమే రాయి. చాట్‌లో అవతల ఎవరో నాలాంటి ఆడపిల్ల ఒకటి తర్వాత ఒకటి అవే అడిగింది. నర్సయ్య నుదుటి మీద చెమట పట్టింది, గానీ నాలుగోసారి కూడా ఆ ఒక్క మాటే రాశాడు. ఖాతా మూసేశామని జవాబు వచ్చింది! యాప్ తీసేయించాను. బియ్యం కడిగే ఆయన చెయ్యి తుడుచుకుని వచ్చి, "నాది గూడ జేయక్కా" అని ఫోన్ ఇచ్చాడు. ఆ గదిలో నాలుగు ఫోన్లలో అది ఉంది, నాలుగూ మూయించాం.

వచ్చేముందు నర్సయ్య, "నా కోసం మీ దేవునికి ఒక మాట చెప్పక్కా" అన్నాడు. చెప్పాను. ఎన్నో నెలల తర్వాత నలుగురి ముందు నేను దాచుకున్నది ఏమీ లేకుండా చేసిన ప్రార్థన అది. మా ఆయన "తమ్ముడూ, ఇంటికి పోయి రా" అని పట్టుబడితే అప్పుడు కవరు తీసుకున్నాడు. సెలవు మీద ఊరికి పోయాడు, వాళ్ళ పాపను బడిలో దించుతున్న ఫోటో పంపాడు.

పని మానితే దేవుడు ఇంకా పెద్ద ఉద్యోగం ఇచ్చాడని నేను చెప్పను. ఇవ్వలేదు. చిన్న ఫ్లాట్‌కి మారాం, ఒక్క జీతం మీద బతుకుతున్నాం, ఇద్దరం నిద్రపోతున్నాం. మార్లిన్‌కు క్షమాపణ చెప్పే దారి నాకు లేదు, రోజూ ఆవిడ పేరు ప్రభువు దగ్గర చెబుతాను.

మీలో ఎవరి ఫోన్‌లోనైనా అలాంటిది ఉంటే, ఉచితమని అన్నా, ఆట అని అన్నా, మీ భాషలో అన్నా నమ్మకండి. సిగ్గుపడకండి, మీకంటే ఎక్కువ సిగ్గుపడవలసినదాన్ని నేనే ఇక్కడ నిలబడ్డాను, ఆయన నన్ను తోసివేయలేదు, మిమ్మల్నీ తోసివేయడు. ఆరాధన కాగానే చివరి బెంచీలో కూర్చుంటాను. ఫోన్ తీసుకుని రండి. ముందు మూసేద్దాం, తర్వాత ప్రార్థన చేద్దాం. మహిమ అంతా ఆయనకే!