గోడ కంతలోని కేబుల్ వైరు

మూడు గదుల్లో మూడు టీవీలకు మూడు బాక్సులు పెట్టించేసరికి నడుము పడిపోయింది. బీరువా జరిపితే గోడ కంతలో పాత వైరు కనబడింది.

గుర్తుందా, ఒకే బాక్సు నుంచి రెండు టీవీలకు వైరు లాక్కునేవాళ్లం? ఒకచోట ఏం పెడితే రెండోచోటా అదే వచ్చేది.

నందికొట్కూరులో ఈ ఇంటిని నాన్న, చిన్నాయన పంచుకుని, నడుమ గోడ కట్టి, మాటలు మానేశారు. బాక్సు మా వైపు ఉండేది; వాళ్లమ్మ, అదే మా జేజి, రెండో టీవీతో చిన్నాయన వైపు. నాన్న వార్తలు పెడితే చాలు, "ఒరేయ్, నా సీరియలు!" అని అవతలి నుంచి కేక. ఆయన గొణుక్కుంటూ మార్చేవాడు.

జేజి పోయింది. దినాల్లోనూ అన్నదమ్ములు ఎడమొహం పెడమొహమే. తర్వాత ఒక సాయంత్రం నాన్న వార్తలు పెట్టాడు. గోడ అవతలి నుంచి చిన్నాయన గొంతు వినబడింది.

"యాల మారుస్తివన్నా? అమ్మ సీరియలే పెట్టు."

నాలుగేళ్లకు అదే మొదటి మాట. ఆ సీరియల్ ఇద్దరికీ పడదు. అయినా నాన్న అదే పెట్టాడు.

"ఈ పాత వైరు పీకేద్దునా అన్నా?" అన్నాడు బాక్సులు పెట్టడానికొచ్చిన టెక్నీషియన్.

"ఉండనీలేప్పా," అన్నాను.

ఇప్పుడు మూడు గదుల్లో ముగ్గురం. ఎవరూ ఎవరినీ కేకేయరు.