విగ్రహం చేతి నీడ

గుంటూరులో ఒక కూడలికి మిరపకాయలు ఆరబోసే కూలిమనిషి విగ్రహం కావాలని కార్పొరేషన్ వాళ్లు అడిగినప్పుడు, నాకు మా అమ్మ పోలిక తప్ప ఇంకొకటి తోచలేదు. ఆమె బతుకంతా కల్లాల్లోనే, ముక్కుకు గుడ్డ కట్టుకుని గడిచింది. చీమకుర్తి నల్లరాయిని ఒకే దిమ్మగా తెచ్చుకుని, కుడిచెయ్యి ముందుకు చాచి కాయలు వెదజల్లుతున్నట్టు చెక్కాను. అంత బరువు గాల్లో నిలపొద్దు, చెయ్యి ఒంటికి ఆనించి చెక్కమని చాలామంది చెప్పారు. నేను వినే రకం కాదు. పైగా చెక్కడం అయ్యాక సుత్తితో తట్టి చూస్తే ఆ చెయ్యి ఖంగుమని మోగింది. లోపల పగులున్న రాయి అలా మోగదు.

ఆవిష్కరణ రోజు ఎండ మాడ్చేస్తోంది. ఆవిష్కరించడానికి వచ్చిన నాయకుడి మనుషులు క్యాన్లతో పాలు తెచ్చారు. మా వైపు ఎవరి విగ్రహం పెట్టినా పాలాభిషేకం చెయ్యందే జనానికి తృప్తి ఉండదు. చర్చికి వెళ్లే మా అమ్మకు తన మొహం మీద పాలు కారడం అస్సలు నచ్చలేదు. తనేమన్నా దేవతనా అని గొణుక్కుంటూ, తనతో వచ్చిన కూలి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి ఆ రాతిచేతి నీడలోనే కూర్చుంది.

తరవాత నీళ్లు కొట్టి విగ్రహాన్ని కడిగారు. నల్లరాయి మళ్లీ నిగనిగలాడింది. భుజం దగ్గర మాత్రం సన్నటి తెల్లగీత మిగిలింది. నిచ్చెనెక్కి కొంగుతో తుడిచాను. పోలేదు. పాలు పగుల్లోకి దిగాయి. విగ్రహాన్ని ఇక్కడ క్రేన్‌తో దింపేటప్పుడు గొలుసు లాగిన చోటు అదే. సుత్తితో తట్టి చూసే ధైర్యం చాలలేదు. కింద అమ్మ ఉంది.

అమ్మా, అందరూ లేచి అవతలికి రండి అన్నాను. ఇప్పుడేగా కూర్చుంది, ఎండలో ఎక్కడికి పొమ్మంటావే అంది. సంగతి చెబితే అందరూ తలెత్తి చూస్తూ అక్కడే నిలబడతారు. అరిస్తే చుట్టూ ఉన్న గుంపు తోసుకుంటుంది. మిరపకాయల కల్లంలో పెరిగినదాన్ని కాబట్టి ఒక్క మాట తట్టింది.

"అమ్మా, వానొస్తంది."

కల్లంలో ఆ మాట వింటే ముందు లేచి పరిగెత్తుతారు, ఆకాశం వైపు తరవాత చూస్తారు. అందరూ ఒక్కసారిగా లేచారు, కాయల మీద కప్పే పట్టాలు ఎక్కడున్నాయో వెతుకుతున్నట్టు రోడ్డు వైపు ఉరికారు. మబ్బు తునక కూడా లేదని తెలిశాక అమ్మ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నేను ఆ గీత చూపించాను. ఆమె తిట్టడం ఆపి, తనవాళ్లను ఇంకాస్త వెనక్కి నెట్టింది.

అక్కడున్న కార్పొరేషన్ అధికారి నన్ను పక్కకు పిలిచి, గీతలో నల్ల లప్పం కూరితే కనపడదని, ఫొటోలయ్యాక చూద్దామని అన్నాడు. నాకు ఒళ్లు మండింది. క్రేన్ వచ్చేదాకా నేనే ఆ చేతి కింద కూర్చుంటానని చెప్పాను. క్రేన్ వచ్చింది. చేతికి పట్టీలు బిగించి కాస్త పైకి లాగారో లేదో, పెద్ద చప్పుడుతో చెయ్యి భుజం నుంచి విడిపోయి గాల్లో ఊగింది. దాని కింద ఎవరివో చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి.

అందరి ముందూ ఏడ్చేశాను. అమ్మ తన రెండు చేతులతో నా చెంపలు పట్టుకుంది.

"ఏడవమాకే. నాకు రెండూ ఉన్నాయిగా."