ఉప్పల్‌లో దొరికిన ఇండోనేషియా కోరల్

నాచారంలోని ఓ మందుల కంపెనీలో మహిపాల్ క్వాలిటీ విభాగం ఆఫీసరు. పేరు తెలియని మలినం రవ్వంత కనిపించినా బ్యాచి మొత్తాన్ని ఆపేయడం అతని ఉద్యోగం. ఆ పట్టుదలను ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలి రావడం అతనికి చేతకాదు. ఉప్పల్‌లోని ఫ్లాటులో, టీవీ ఉండాల్సిన చోట, ఉప్పునీటి అక్వేరియం పెట్టి కోరల్స్‌ను, అంటే పగడపు జీవులను, పెంచుతున్నాడు. నీళ్లు రాని రోజు ఇంట్లో స్నానాలు వాయిదా పడతాయిగాని, ఆ సముద్రానికి మాత్రం లోటు రాదు.

ఓ ఆదివారం, కొత్తగా కొనితెచ్చిన రాయి మీద బఠాణీ గింజంత బూడిదరంగు ముద్ద కనిపించింది. తను పెట్టింది కాదు. రాయిని పట్టుకుని టికెట్ లేకుండా వచ్చేసిన జీవి అన్నమాట! మహిపాల్ భూతద్దం తెచ్చుకుని కూర్చున్నాడు. అన్నం చల్లారిపోయింది.

"ఏందది?" అడిగింది భార్య హరిణి.

"అదే తెలుస్తలేదు."

"తెల్వకపోతే ఏమైతది? ఎదురు ఫ్లాటాయన పేరు గూడ నీకు తెల్వదు. ఆయన బతుకుతలేడా?"

మహిపాల్‌కి ఈ వాదన రుచించలేదు. ఫొటో తీసి అక్వేరియం పెంపకందార్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కడ నిపుణులకు కరువు లేదు. ఒకరు పుట్టగొడుగు జాతి అన్నారు. ఒకరు విషపుదన్నారు, వేడినీళ్లు పోసి చంపమన్నారు. ఇంకొకరు ఏమీ చూడకుండానే నమస్కారం బొమ్మ పెట్టారు. చివరికి గ్రూపు అడ్మిన్ అచ్యుతరావు కాప్రా నుంచి స్వయంగా వచ్చాడు. ప్రభుత్వ పరిశోధన సంస్థలో రిటైరైన మనిషి. జీవితమంతా చేసింది లోహాల పనే అయినా, సముద్రం మీద ఎంతసేపైనా మాట్లాడగలడు.

ఆయన కళ్లజోడు తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. "ఇది మామూలుది కాదండీ. ఇండోనేషియా సముద్రంలోది. చాలా రేర్."

"పేరేంది సార్?"

"ఇంకా పెట్టి ఉండరు," అన్నాడు హరిణి పెట్టిన ఉప్మా ముగిస్తూ.

మహిపాల్ పొంగిపోయాడు. ఆ ముద్దకు వెలుతురు చాలదని, నడుమ ఉన్న పాత కెన్యా ట్రీని వెనక మూలకు నెట్టేశాడు. అది చిన్న చెట్టులా ఉండే కోరల్, ఎవరింట్లోనైనా బతికే చవక రకం. అపార్ట్‌మెంట్ వాళ్లు సెల్ఫీలకు వచ్చారు. ఎదురు ఫ్లాటాయనా వచ్చి, తన పేరు శశిధర్ అని చెప్పుకున్నాడు.

కొన్ని వారాలకు ముద్ద విచ్చుకుంది. దాని ఎదుగుదల చూపిద్దామని, మహిపాల్ కంపెనీ బస్సులోంచి హడావుడిగా ఫొటో పంపాడు. అభినందనలు కురిశాయి. "ఆ కొమ్మలు చూడండి, ముమ్మాటికీ ఇండోనేషియానే!" అని అచ్యుతరావు రాశాడు. అప్పుడు చూసుకున్నాడు మహిపాల్. తను పంపింది మూలన ఉన్న కెన్యా ట్రీ ఫొటో.

ఇంటికొచ్చి రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టాడు. కాడ అదే, కొమ్మలూ అవే, కొసన విచ్చుకునే రేకులూ అవే. కెన్యా ట్రీ తన కొమ్మలను తానే రాల్చుకుంటుంది. రాలిన ముక్క నీళ్లలో తేలుతూ పోయి దొరికిన రాయికి అతుక్కుంటుంది. కొన్నప్పుడే దుకాణంవాడు చెప్పిన సంగతి.

హరిణి నవ్వు ఆపుకోలేక సోఫాలో కూలబడింది. "పాపం, మస్తు దూరంకెళ్లి వచ్చింది! ఆ రాయికెళ్లి ఈ రాయికి!"

ఫ్యాక్టరీలో అయితే తప్పు రిపోర్టును వెనక్కి తీసుకోవాలి. మహిపాల్ అచ్యుతరావుకు ఫోన్ చేశాడు. "సార్, రెండూ కెన్యా ట్రీలే. మనం పొరపాటు పడ్డం."

అచ్యుతరావు తగ్గలేదు. "పాతది కెన్యా ట్రీ అని మీకెవరు చెప్పారు?"

"దుకాణమాయన."

"వాడికేం తెలుసండీ! అంటే మీ దగ్గర రెండున్నాయన్నమాట!"

ఆ సాయంత్రమే గ్రూపులో ప్రకటన వెలువడింది: ఉప్పల్‌లో అరుదైన కోరల్‌కు సంతానం. కింద మహిపాల్ రాసిన సవరణ చప్పట్ల బొమ్మల్లో కూరుకుపోయింది. మర్నాడు ఘట్‌కేసర్ నుంచి ఒకాయన ఫొటో పంపి, ఫోన్ చేశాడు.

"అన్నా, నా తొట్టిల గూడ గసుంటిదే ఉన్నది. జర ఏందో చెప్పు."

"కెన్యా ట్రీ అన్నా. మామూలుదే."

"నీదైతే రేరు, నాదైతే మామూలుదా?" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.